ఇరవై రెండు ఇత్తడి పిన్నులు

తొమ్మిది మందీ ప్రాణాలతో ఒడ్డెక్కారన్న కబురు ముందే వచ్చింది. అందుకే పొద్దున్న పదింటికి నేర పరిశోధకురాలు సబ్‌మెరైన్ కంపెనీ ఆవరణలో అడుగుపెట్టేసరికి ఎవరి మొహంలోనూ ఏడుపు లేదు. గండం గడిచిందన్న తేలిక ఉంది. ఆ తేలిక వెనకాలే, తప్పు ఎవరి నెత్తిన రుద్దుదామా అన్న తొందర కూడా ఉంది.

ఆవిడకి యాభై నాలుగేళ్లు. ఎవరిని ఏం అడిగినా "ఎన్నింటికి?" అనే మొదలుపెడుతుంది కాబట్టి పోలీసుల దగ్గర్నుంచి దొంగల దాకా అందరూ ఆవిడని గడియారం అంటారు. వెనకాల అంటారు. ముందర మాత్రం "మేడమ్". ఆ పేరు ఆవిడకి భలే నచ్చిందన్న సంగతి ఇంతవరకూ ఎవరికీ తెలీదు.

కంపెనీ డైరెక్టరు తెల్లవారుతూనే ఫోన్ చేసి చెప్పింది ఇది. సముద్రం అడుగున పరిశోధనల కోసం కట్టిన ఒక చిన్న సబ్‌మెరైన్ మొన్న సాయంత్రం నాలుగూ నలభైకి తొమ్మిది మందితో పరీక్షకి బయల్దేరింది. దాని బ్యాటరీ నలభై గంటలు లాగుతుందని ఇక్కడి అంచనాల విభాగం రాసిచ్చింది. ముప్ఫయ్యెనిమిది గంటల్లో తిరిగి రావాలి. ముప్ఫయ్యారో గంటకే, ఒడ్డు ఇంకా ఎనిమిది కిలోమీటర్లుండగా, బ్యాటరీ చేతులెత్తేసింది. లోపలివాళ్లు ఎలాగో పైకి తేల్చారు. అయిదున్నరకి టగ్గు పడవ వెళ్లి తాడు కట్టి లాక్కొచ్చింది.

"అంచనా రాసింది ఒకమ్మాయి. ఆ తొమ్మిది మందిలో ఒకడు, సబ్‌మెరైన్ ఇంజనీరు, ఆ అమ్మాయి మొగుడు. మొగుడూ పెళ్లాలకి మూడు వారాలుగా మాటల్లేవు. ఇంకేం కావాలి మేడమ్?"

అన్నవాడు కంపెనీ సెక్యూరిటీ చీఫ్. ఒకప్పటి పోలీసు. ఇంతకు ముందు రెండు కేసుల్లో ఈవిడ చేతిలో భంగపడ్డాడు. ఆ బాకీ ఈసారి తీర్చుకోవాలని పొద్దున్న అయిదున్నర నుంచీ ఆ అమ్మాయి కంప్యూటరు ముందే కూర్చున్నాడు. టీ కూడా అక్కడికే తెప్పించుకున్నాడు.

"పోలీసులు ఎన్నింటికి వస్తున్నారు?" అంది ఆవిడ.

"పన్నెండింటికి. హత్యాయత్నం కేసు. మీరు అనవసరంగా ఇంతదూరం వచ్చారు."

"సాక్ష్యం?"

చీఫ్ ఒక కాగితం తీసి, అట్టే ఆలస్యం చెయ్యకుండా ఆవిడ ముందు పెట్టాడు. అంచనా పూర్తయ్యాక, పోయిన నెల పంతొమ్మిదిన సాయంత్రం ఆరూ పన్నెండుకి ఆ అమ్మాయి ఫైలు మళ్లీ తెరిచింది. ఒక అంకె మార్చింది. ఎవరికీ చెప్పలేదు.

"మార్చింది సరే. పెంచిందా, తగ్గించిందా?"

"ఏంటి?"

"బ్యాటరీ లాగే గంటలు. ముందు ఎంతుంది, తర్వాత ఎంతయింది?"

చీఫ్ కాగితం వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

"నలభై ఒకటి ఉండేది. నలభై చేసింది," అంది ఆవిడ, కాగితం మీద వేలు పెట్టి. "మొగుణ్ణి సముద్రంలో ముంచుదామనుకున్న మనిషి, తొందరగా ఇంటికి రమ్మని గంట తగ్గిస్తుందా చీఫ్ గారూ?"

"అదంతా నాటకం! అసలు అంకె అంతకంటే బాగా తక్కువని ఆవిడకి తెలుసు. పైపైన ఒక గంట తగ్గించి మంచిదాన్ననిపించుకుంది."

"ఆ మాట కూడా నిజమై ఉండొచ్చు," అని గడియారం లేచింది. ఎదుటివాడి మాటలో పస ఉంటే ఒప్పేసుకోవడం ఆవిడకున్న ఒక చెడ్డ అలవాటు.

* * *

ఆ అమ్మాయిని మీటింగు గదిలో కూర్చోబెట్టారు. తలుపు దగ్గర ఒక గార్డు. బల్ల మీద ముట్టని టీ. ముప్ఫయ్యేళ్లుంటాయి. జుట్టు ముడి ఊడిపోయి భుజం మీద పడుతున్నా సర్దుకోవడం లేదు.

"చెవులెలా ఉన్నాయి ఆయనకి?" అంది, పరిశోధకురాలు కూర్చోకముందే.

"ఎవరికమ్మా?"

"మా ఆయనకి. ఒత్తిడి తేడా వస్తే ఎడమ చెవి పోటు పెడుతుంది. డాక్టరుకి ఆయన చెప్పరు. అడిగితేనే చెప్తారు."

"ఆస్పత్రిలో ఉన్నాడు. బాగానే ఉన్నాడన్నారు. పన్నెండు దాకా ఎవర్నీ మాట్లాడనివ్వరట."

ఆ అమ్మాయి తలూపింది. గొంతు తగ్గించి అడిగింది. "ఆయన కూడా నేనే చేశాననుకుంటున్నారా?"

తనకి తెలీదని గడియారం ఉన్నమాట చెప్పేసింది. తర్వాత గొడవ ఎందుకొచ్చిందో అడిగింది.

"ఈ పరీక్షకి వెళ్తానని నాకు చెప్పకుండా పేరిచ్చేశారు. లిస్టు టైపు చేసిన కాగితం నా బల్ల మీదకే వచ్చింది. ఒక్క మాట చెప్పొచ్చుగా అన్నాను. 'నీ లెక్క మీద నీకే నమ్మకం లేదా?' అన్నారు. లెక్క మీద ఉంది, సముద్రం మీద లేదన్నాను. అంతే. వాళ్ల అన్నయ్య ఇంటికి వెళ్లిపోయారు."

"ఆ గంట ఎందుకు తగ్గించావు?"

"లిస్టులో ఆయన పేరు చూశాక చెయ్యి ఊరుకోలేదు." అని తల దించుకుంది. "పద్ధతి ప్రకారం తప్పే. కారణం రాసి, సంతకం చేసి తగ్గించాలి. కారణం ఏమని రాయను?"

అబద్ధాలాడేవాళ్లు ఇంత అవకతవకగా చెప్పరని గడియారానికి నలభై కేసుల అనుభవం. మనసు కాస్త తేలికపడింది. కానీ మనసు తేలికపడితే పోలీసులు వెనక్కి పోరు.

"నాకు లెక్కలంటే భయం. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పు. నలభై గంటలని ఎలా తేలుస్తారు?"

"సబ్‌మెరైన్‌కి అచ్చం అలాగే ఉండే చిన్న నమూనా చెక్కతో చేస్తారు. రెండొందల మీటర్ల పొడుగు నీళ్ల ట్యాంకు ఉంది. పైన పట్టాల మీద ట్రాలీ నడుస్తుంది. నమూనాని ట్రాలీకి బిగించి నీళ్లలో లాగి, ఎంత బలం పట్టిందో కొలుస్తారు. ఆ కొలతల కాగితాలు నాకిస్తారు. దాన్నిబట్టి అసలు పడవకి ఎంత బలం కావాలో, ప్రొపెల్లరు ఎంత తింటుందో, బ్యాటరీ ఎన్ని గంటలొస్తుందో నేను లెక్కేస్తాను."

"లాగేటప్పుడు నువ్వుంటావా?"

"ఉండను. కాగితాలే వస్తాయి."

ఆ వారం ట్యాంకు కాగితాలన్నీ చీఫ్ దగ్గరే ఉన్నాయి. గార్డు చేత తెప్పించింది. పదహారు పరుగులు, పదహారు కాగితాలు. టైము, వేగం, నీళ్ల వేడి, లాగిన బలం, అన్నీ నీలం పెన్నుతో, ట్రాలీ నడిపే అతని చేతిరాత. ఆవిడ ముందు టైములే చూసింది. పరుగుకీ పరుగుకీ మధ్య ఇరవై నిమిషాలు, ఇరవై మూడు, ఇరవై ఒకటి. రోజుకి ఒకచోట యాభై.

"ఈ ఖాళీ ఎందుకు?"

"నీళ్లు కుదురుకోవాలి. కదిలే నీళ్లలో లాగితే కొలత పనికిరాదు. యాభై అంటే భోజనం."

టైములు నిజమైనవే. కూర్చుని ఒక్కసారి రాసేసిన దొంగ కాగితాల్లో భోజనాలుండవు. ఆవిడ రెండోసారి తిరగేసింది. మూడోసారి తిరగేస్తుంటే, అడుగునున్న ఒక చిన్న గడి మీద చూపు ఆగింది.

"'పిన్నులు ఉన్నవి' అని టిక్కు పెట్టి ఉంది. ఏం పిన్నులు?"

"నమూనా ముక్కు చుట్టూ గుచ్చే ఇత్తడి పిన్నులు. పెద్ద పడవ ఒంటిమీద నీళ్లు సుడులు తిరుగుతూ, రాసుకుంటూ పోతాయి. నమూనా చిన్నది కదా, దాని మీద బుద్ధిగా జారిపోతాయి. లాగడం ఉండాల్సినదానికన్నా తేలికైపోతుంది. అందుకని ముక్కు దగ్గరే పిన్నులతో నీళ్లని చెదరగొడతాం."

"పిన్నులు లేకుండా లాగితే?"

"అలా ఎవరూ లాగరండీ."

"లాగారనుకో."

అమ్మాయి వేళ్ల మీద లెక్క వేసుకుంది. "బలం తక్కువ చూపిస్తుంది. బ్యాటరీ ఎక్కువ గంటలొస్తుందని లెక్క తేలుతుంది. ఎంతంటే... ముప్ఫయ్యారు రావాల్సింది నలభై అని..."

గడియారం పదహారు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పేర్చి, కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది. పదహారు టిక్కులూ ఒకే చోట పడ్డాయి. అదే తోక, తోక పక్కన అదే చుక్క. అన్నీ నలుపు. ఎప్పుడో ఎవరో నింపిన కాగితంలో అంకెలు చెరిపేసి, టిక్కు మాత్రం ఉంచేసి, దాన్నే జిరాక్సులు తీసి వాడుకుంటున్నారు.

* * *

నమూనాల గదిలో చెక్కపొట్టు, రంగు కలిసిన వాసన. ముప్ఫయ్యేళ్లుగా నమూనాలు చెక్కుతున్న పెద్దమేస్త్రి అరల ముందు నిలబడి ఉన్నాడు. చీఫ్ కూడా వెంటే వచ్చాడు, ఈవిడ ఏ మాయ చేస్తుందో కళ్లారా చూడాలని.

"ఆ సబ్‌మెరైన్ ముక్కు చూపించు బాబూ."

మేస్త్రి పసుపు రంగు ముక్కుని రెండు చేతులా దించి బల్ల మీద గుడ్డ పరిచి పెట్టాడు. గుమ్మడికాయంత ఉంది. చుట్టూ ఇత్తడి పిన్నుల వరస. ఆవిడ లెక్కపెట్టింది. ఇరవై రెండు.

"ఉన్నాయిగా!" అన్నాడు చీఫ్ సంబరంగా. "ఇంతోటి దానికి ఇంత హడావిడి చేశారా?"

ఆవిడ సంచిలోంచి భూతద్దం తీసి, పక్క అరలోని పాత నమూనా ఒకటి చూసింది. దాని పిన్నుల మొదళ్ల మీదకి రంగు పాకి ఉంది. ఈ ముక్కు మీద అలా లేదు. ప్రతి పిన్ను చుట్టూ రంగు సన్నగా చిట్లి ఉంది. ఇత్తడి మీద ఒక్క పసుపు చుక్క కూడా లేదు.

"రంగు ఎప్పుడేశావు?"

"పోయిన నెల, మంగళవారం. మధ్యాహ్నం మూడింటికి. పాత పిన్నులన్నీ పీకి, నున్నగా రుద్ది వేశానమ్మా."

"మళ్లీ గుచ్చింది?"

"శుక్రవారం. పొద్దున్న ఎనిమిదిన్నరకి. రంగు రెండు రోజులు ఆరాలి కదమ్మా. మధ్యలో బుధవారం, గురువారం సెలవు పెట్టాను, మా మనవరాలికి కళ్లజోడు చేయించాలని."

ఆవిడ పదహారు కాగితాలూ బల్ల మీద పరిచింది. తేదీల మీద వేలు పెట్టింది. మొదటి ఎనిమిది పరుగులు బుధవారం. తర్వాతవి గురువారం.

మేస్త్రి వంగి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "లాగేది సోమవారమని కదా చెప్పారు?"

జవాబు గుమ్మంలోంచి వచ్చింది. ట్రాలీ నడిపే అతను ఎప్పుడొచ్చాడో వచ్చి నిలబడ్డాడు. "శనివారం ట్యాంకు కడుగుతామన్నారని ముందుకు జరిపారు మేస్త్రీ. ముక్కు అరలో ఉంది. అరలో ఉంటే సిద్ధమైనట్టేగా?"

"అరలో పెట్టేది ఆరబెట్టడానికిరా!"

"ముప్ఫయ్యేళ్లలో ఎప్పుడైనా ఆ మాట చెప్పావా?"

"నువ్వు అడిగావా?"

మేస్త్రి బల్ల అంచు పట్టుకున్నాడు. గడియారం ఆ చేతి మీద చెయ్యేసింది.

"నువ్వు నీ పని పద్ధతిగానే చేశావు. ఇతను తన పద్ధతిగా చేశాడు. రెండు పద్ధతులూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, అంతే. తొమ్మిది మందీ బతికే ఉన్నారు. ముందు కూర్చో."

ఆ మాటతో గదంతా ఊపిరి పీల్చుకుంది. ట్రాలీ అతను గోడకి చేరగిలబడి మొహం తుడుచుకున్నాడు. చీఫ్ మాత్రం మొహం మాడ్చుకున్నాడు. కుట్ర లేదు, హంతకురాలు లేదు. ఉన్నదల్లా ఒక జిరాక్సు టిక్కు. ఇంత చప్పగా తేలిన కేసుకి పోలీసుల్ని పిలిచానే అని లోపల్లోపల కుమిలిపోతున్నాడు.

"పోనీలెండి," అన్నాడు చివరికి, పెద్దమనసు చేసుకుని. "ఆ పిల్లని వదిలేస్తాను. అదృష్టం ఏంటంటే రెండోదానికి ఈ గొడవ లేదు."

"రెండోదేమిటి?"

"ఇంకో సబ్‌మెరైన్. దీనికంటే పొడుగు. నిన్న మధ్యాహ్నం రెండింటికి వెళ్లింది, పదకొండు మందితో. దాని నమూనా వేరు, లెక్కేసింది అంచనాల విభాగం పెద్దసారు స్వయంగా. అది భద్రం."

గడియారం ముక్కుని మెల్లగా వెనక్కి తిప్పింది. వెనక నాలుగు మరల రంధ్రాలున్నాయి.

"మేస్త్రీ, ఇది ఊడుతుందా?"

"ఊడుతుందమ్మా. ఒళ్లు రెండు చేశాం, పొట్టిదొకటి, పొడుగుదొకటి. ముక్కు మాత్రం రెండిటికీ..."

మిగతా మాట చెప్పనక్కర్లేకపోయింది. బుధవారం లాగింది పొట్టి ఒళ్లు, గురువారం లాగింది పొడుగు ఒళ్లు. ఆవిడ అప్పటికే గుమ్మం దాటింది. యాభై నాలుగేళ్ల మనిషి అంత వేగంగా నడుస్తుందని చీఫ్ ఎప్పుడూ అనుకోలేదు. వెనకాల దాదాపు పరిగెత్తాల్సి వచ్చింది.

* * *

"లెక్క వెయ్యమ్మా," అంది మీటింగు గదిలోకి వస్తూనే. "పిన్నుల్లేవు. రెండు నమూనాలకీ లేవు. రెండోదానికి ఎన్ని గంటలని రాశారు?"

అమ్మాయి ఒక్కసారిగా లేచింది. తనని వదిలేశారా లేదా అని కూడా అడగలేదు. "నలభై ఎనిమిది. అదే పాళ్లలో తగ్గితే నలభై మూడుకి కాస్త పైన. పోను సగం, రాను సగం. ఇరవై ఒక గంటల ముప్ఫయ్యారు నిమిషాలు దాటిందంటే ఇక తిరిగొచ్చే చార్జి ఉండదు. నిన్న రెండింటికి వెళ్లారు. అంటే ఇవాళ పదకొండూ ముప్ఫయ్యారు లోపల వెనక్కి తిరగాలి."

నలుగురూ గోడ మీదకి చూశారు. పదకొండూ ముప్ఫయ్యెనిమిది.

"ఫోన్ చేసి చెప్తే?" అంది గడియారం.

"నీళ్ల కింద ఉంటే వినపడదు. పొద్దున్న ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి పైకొచ్చి మాట్లాడతారు. ఇవాళ్టికి తుఫాను హెచ్చరిక ఉంది, అయిదు తర్వాత టగ్గులు కదలవు. రెండు రోజులు..." అమ్మాయి కుర్చీ వీపు పట్టుకుంది.

చీఫ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇప్పుడతను ఎవరికీ ప్రత్యర్థి కాదు. ఫోను తనే లాక్కుని, రేవు కంట్రోల్ రూము నంబరు రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి సరిగ్గా నొక్కి, స్పీకరు పెట్టాడు.

"రెండో సబ్‌మెరైన్!" అని అరిచాడు. "దాన్ని వెనక్కి తిప్పాలి! ఏదో ఒకటి చెయ్యండి! లెక్క తప్పు, బ్యాటరీ చాలదు!"

అవతల ఒక నిమిషం కాగితాల చప్పుడు. అక్కడి గుమాస్తా గొంతు తాపీగా వచ్చింది. "అది పొద్దున్న ఆరింటికే వెనక్కి తిరిగింది కదండీ. రాత్రి పదికల్లా రేవులో ఉంటుంది. ఆరూ పదికి మీ సెక్యూరిటీ ఆఫీసుకి రాసి పంపాం. చూసుకోలేదా?"

అమ్మాయి కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. చీఫ్ గోడ వైపు తిరిగి గట్టిగా ఊపిరి వదిలాడు. ఆరూ పదికి అతను ఆ అమ్మాయి కంప్యూటరు తవ్వుతూ ఉన్నాడు.

"ఎవరు తిప్పమన్నారు? ఎన్నింటికి?" అంది గడియారం.

"మునిగినంత పనైందే, ఆ మొదటిదాని ఇంజనీరు. టగ్గు ఎక్కుతూనే వైర్‌లెస్ అందుకున్నాడు. అయిదూ నలభై అయిదు. ఆరింటికి వాళ్లు పైకొస్తే చెప్పమని. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి, ముక్క ముక్కగా చెప్పాడు. చదవనా?"

"చదవండి."

"'మా ఆవిడ లెక్క తప్పదు. తప్పిందంటే ఆవిడ చేతికిచ్చిన కొలత తప్పు. రెండోదానికీ కొలత ఆ ముక్కుతోనే తీశారు. ఎవర్నీ అడుగుతూ కూర్చోకండి, ముందు వాళ్లని వెనక్కి తిప్పండి.' మా ఆఫీసరు మొదట ఒప్పుకోలేదండీ. రుజువేంటన్నాడు. 'ఆవిణ్ణి ఆరేళ్లుగా ఎరుగుదును, అదే రుజువు' అన్నాడు."

ఆ అమ్మాయి చేతుల్లోంచి మొహం ఎత్తింది. కళ్ల నిండా నీళ్లు, కానీ పెదవులు మాత్రం నవ్వుని ఆపుకోలేకపోతున్నాయి. పొద్దుటి నుంచీ ఆ మొహం మీద ఉన్న బరువంతా దిగిపోయింది.

"ఇంకో మాట కూడా రాసి ఉందండీ," అన్నాడు గుమాస్తా. "'ఇలా అన్నానని మా ఆవిడకి చెప్పకండి, నేనే వెళ్లి చెప్పుకుంటాను' అన్నాడు. కాస్త చూసుకోండి మరి."

చీఫ్ గతుక్కుమని స్పీకరు నొక్కేశాడు. అప్పుడు నొక్కి ఏం లాభం!

ఆ అమ్మాయి లేచింది. ఊడిన జుట్టు గబగబా ముడేసుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, తలుపు తీసి పట్టుకున్న గార్డుని దాటి, వరండాలోకి వెళ్లి వెనక్కి తిరిగింది.

"మేడమ్, నేను ఏమీ వినలేదు," అంది. "ఆయన చెప్పేదాకా నాకేం తెలీదు."